విజేత తీర్పు, విజేత బేరం: 1971 కలకత్తా చెప్పే పాఠం

ప్రతి ఏటా డిసెంబర్ 16 తేదీన కోల్‌కతాలో, హుగ్లీ నది ఒడ్డున ఉన్న భారత సైన్య తూర్పు కమాండ్ ప్రధాన కేంద్రంలో విజయ్ దివస్ జరుగుతుంది. అమరుల స్మారకం వద్ద పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. సైనిక బ్యాండు మోగుతుంది. బంగ్లాదేశ్ నుండి నాటి ముక్తి యోధులను పిలిపించి సత్కరించడం ఆనవాయితీ. తరతరాలుగా ఫోర్ట్ విలియం అన్న పేరుతో ఉన్న ఆ కోట ఇటీవలే విజయ్ దుర్గ్‌గా పేరు మార్చుకుంది. పరాయి పాలకుడి పేరు తొలగి విజయం పేరు వచ్చింది.

అయితే ఆ విజయాన్ని నమోదు చేసిన పత్రంలో మరొక పేరు కూడా ఉంది. అది జెనీవా. దాన్ని ఏ ఉత్సవంలోనూ ఎవరూ తలచుకోరు. 1971 యుద్ధంలో ఎవరికి రక్షణ దక్కిందో, ఎవరికి దక్కలేదో తెలుసుకోవాలంటే మాత్రం ఆ పేరు వద్ద కాసేపు ఆగవలసి ఉంటుంది.

ఒక పత్రం, ఒక హామీ

తూర్పు కమాండ్‌లో అప్పటి చీఫ్ ఆఫ్ స్టాఫ్ మేజర్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జాకబ్. ఆయన కలకత్తాలోనే పుట్టి పెరిగిన బాగ్దాదీ యూదు. లొంగుబాటు పత్రం ముసాయిదాను చేత పట్టుకుని ఆయన 1971 డిసెంబర్ 16 ఉదయం ఢాకా వెళ్ళారు. ఆ సాయంత్రం రేస్ కోర్సు మైదానంలో వేలాది జనం సమక్షంలో పాకిస్తాన్ తూర్పు కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఎ.ఎ.కె. నియాజీ దానిపై సంతకం చేశారు. భారత, బంగ్లాదేశ్ సంయుక్త బలగాల అధిపతి హోదాలో లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జీత్ సింగ్ అరోరా ఎదురు సంతకం చేశారు.

పత్రం చాలా చిన్నది. తూర్పు రంగంలోని పాకిస్తాన్ పదాతి, వైమానిక, నౌకా దళాలు, అర్ధ సైనిక దళాలు, పౌర సాయుధ బలగాలు అన్నీ లొంగిపోతున్నాయని అది చెబుతుంది. లొంగిపోయిన వారిని జెనీవా ఒడంబడిక నిబంధనలకు అనుగుణంగా, సైనికులకు తగిన గౌరవ మర్యాదలతో చూస్తామని అరోరా అందులో హామీ ఇచ్చారు. విదేశీయులకు, జాతిపరమైన అల్పసంఖ్యాకులకు, పశ్చిమ పాకిస్తాన్ మూలాలు గలవారికి రక్షణ కల్పిస్తామని కూడా చేర్చారు.

ఆ హామీ నిలబడింది. అందులో సందేహం లేదు. తొమ్మిది నెలలుగా హత్యలు, అత్యాచారాలు, గృహదహనాలు చవిచూసిన నేలపై, పగతో రగిలే జనం నడుమ ఆయుధాలు కింద పెట్టిన సైన్యం అది. దాని ప్రాణాలను కాపాడింది భారత సైన్యం. సుమారు 93 వేల మందిని రైళ్ళలో, ఓడలలో భారత్‌కు తరలించారు. వారిలో దాదాపు 80 వేల మంది యూనిఫారం ధరించినవారు. మిగిలినవారు పౌర అధికారులు, కుటుంబ సభ్యులు. నియాజీని, మేజర్ జనరల్ రావ్ ఫర్మాన్ అలీ తదితర ఉన్నతాధికారులను మొదట ఫోర్ట్ విలియంకు తెచ్చి, పిదప జబల్‌పూర్ శిబిరానికి పంపారు. శిబిరాలకు అంతర్జాతీయ రెడ్ క్రాస్ ప్రతినిధులు వచ్చారు. ఖైదీల ఉత్తరాలు వాఘా దాటాయి. యుద్ధ చట్టం పనిచేస్తే ఎలా ఉంటుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉపఖండంలో దొరకదు.

అది ఎవరి కోసం పనిచేసింది అన్న వద్దనే చిక్కు మొదలవుతుంది.

నాలుగో అధికరణ తీసిన గీత

1949 నాటి జెనీవా ఒడంబడికలు నాలుగు. మొదటి రెండూ నేలపైన, సముద్రంలో గాయపడిన సైనికుల గురించి. మూడవది యుద్ధ ఖైదీల గురించి. నాలుగవది సాధారణ పౌరుల గురించి. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆక్రమిత దేశాల పౌరులు అనుభవించిన నరకమే నాలుగవ ఒడంబడికకు మూలం. స్త్రీల గౌరవానికి భంగం కలిగించరాదని, అత్యాచారాల నుండి వారిని ప్రత్యేకంగా కాపాడాలని దాని 27వ అధికరణ స్పష్టంగా చెబుతుంది. భారత దేశం ఈ ఒడంబడికలను 1950లో ఆమోదించింది. పాకిస్తాన్ కూడా 1971కి చాలా ముందే వాటిలో భాగస్వామి.

కానీ ఆ ఒడంబడిక ఎవరిని కాపాడుతుందన్నది నాలుగో అధికరణ నిర్ణయిస్తుంది. తమ పౌరసత్వానికి చెందని ప్రభుత్వం చేతిలో చిక్కినవారే అందులో ‘రక్షిత వ్యక్తులు’. సొంత ప్రభుత్వం చేతిలో చిక్కినవారు కారు.

ఈ నిర్వచనాన్ని 1971 మార్చి 25 రాత్రి ఢాకా విశ్వవిద్యాలయ వసతి గృహాలకు వర్తింపజేసి చూడాలి. ఆ రాత్రి కాల్పులకు గురైన విద్యార్థులు, అధ్యాపకులు చట్టం దృష్టిలో పాకిస్తాన్ పౌరులు. కాల్చినది పాకిస్తాన్ సైన్యం. ఆ తర్వాత తొమ్మిది నెలలలో ఊళ్ళపై జరిగిన దాడులలో చెరబడిన స్త్రీలూ పాకిస్తాన్ పౌరులే. శత్రు దేశ స్త్రీలై ఉంటే 27వ అధికరణ వారికి పూర్తిగా వర్తించేది. సొంత దేశ స్త్రీలు కావడమే వారి నేరమైంది. వారికి మిగిలినది నాలుగు ఒడంబడికలకూ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణ ఒక్కటే. అంతర్యుద్ధంలో కూడా నిరాయుధులను చంపరాదు, హింసించరాదు, అవమానించరాదని అది చెబుతుంది. ఉల్లంఘిస్తే ఎవరు పట్టుకోవాలో, ఎక్కడ విచారించాలో చెప్పదు.

ఎంతమంది చనిపోయారన్న దానిపై నేటికీ వివాదం ఉంది. బంగ్లాదేశ్ అధికారికంగా చెప్పే సంఖ్య 30 లక్షలు. చాలామంది పరిశోధకుల అంచనా అంతకంటే బాగా తక్కువ. తక్కువ అంచనాలనే తీసుకున్నా అది మహా విషాదమే. ఆ విషాదానికి బాధ్యులైన సైనికులకు డిసెంబర్ 16 సాయంత్రం మూడవ ఒడంబడిక పూర్తి రక్షణ ఇచ్చింది. వారి బాధితులకు నాలుగవ ఒడంబడిక అంతకుముందు తొమ్మిది నెలలూ ఏ రక్షణా ఇవ్వలేదు. ఇది రాసినవారి పొరపాటు కాదు. 1949లో జెనీవాలో కూర్చున్నవారు ప్రభుత్వాల ప్రతినిధులు. పరాయి పౌరుల పట్ల తమ ప్రవర్తనకు హద్దులు గీసుకోవడానికి వారు ఒప్పుకున్నారు. సొంత పౌరుల పట్ల తమ ప్రవర్తనను మరొకరు ప్రశ్నించడానికి ఒప్పుకోలేదు.

సాల్ట్ లేక్ గొట్టాలలో

ఈ గీతకు బయట పడినవారిని కలకత్తా కళ్ళారా చూసింది. 1971 ఏప్రిల్ నుండి డిసెంబర్ లోగా సరిహద్దు దాటి వచ్చిన కాందిశీకుల సంఖ్య కోటికి చేరువైంది. వారిలో అత్యధికులు చేరినది పశ్చిమ బెంగాల్‌కే. జెస్సోర్ రోడ్డు పొడవునా మనుషులే. నగరం తూర్పు అంచున అప్పుడప్పుడే నిర్మాణం జరుగుతున్న సాల్ట్ లేక్ ప్రాంతంలో, మురుగు కాలువల కోసం తెచ్చి పడేసిన పెద్ద సిమెంటు గొట్టాలలో కుటుంబాలు కాపురం పెట్టాయి. ఆ గొట్టాలలో కూర్చున్న తల్లులు, పిల్లల ఛాయాచిత్రాలు ప్రపంచ పత్రికలన్నింటిలో వచ్చాయి. నేడు అదే సాల్ట్ లేక్‌లో ప్రభుత్వ కార్యాలయాలు, ఐటి కంపెనీల భవనాలు ఉన్నాయి.

కాందిశీకుల హక్కుల కోసం 1951లో ఐక్యరాజ్యసమితి ఒక ఒడంబడిక చేసింది. భారత్ అందులో చేరలేదు, నేటికీ చేరలేదు. కాబట్టి సాల్ట్ లేక్‌లో ఉన్నవారికి భారత ప్రభుత్వం చేసినది దయే గానీ చట్టబద్ధమైన బాధ్యత కాదు. ఆ దయ చిన్నదేమీ కాదు. ఒక పేద దేశం కోటి మందికి తొమ్మిది నెలలు అన్నం పెట్టింది. ఖర్చులో అధిక భాగం తానే భరించింది. అయినా దయకు గడువు ఉంటుంది. మార్చి 25 తర్వాత వచ్చినవారు తిరిగి వెళ్ళవలసినవారేనని ఢిల్లీ మొదటి నుండీ చెబుతూ వచ్చింది. యుద్ధం ముగిసిన కొద్ది నెలలలోనే అత్యధికులు వెనుదిరిగారు.

అంతకుముందు వచ్చినవారి కథ వేరు. దేశ విభజన నాటి నుండీ తూర్పు బెంగాల్ వదిలి వచ్చినవారిలో కొన్ని వేల కుటుంబాలను ప్రభుత్వం 1958లో ప్రారంభించిన దండకారణ్య పథకం కింద ఒడిషాలోని మల్కన్‌గిరికి, మధ్య భారత అడవులకు పంపింది. మల్కన్‌గిరి ఆంధ్ర సరిహద్దుకు ఆనుకునే ఉంటుంది. కాగజ్‌నగర్ సమీపంలోని ఈస్‌గాం పరిసరాలలో నేటికీ బెంగాలీ మాట్లాడే గ్రామాలున్నాయి. చేపల కూర వండుకునే ఆ ఇళ్ళలో పిల్లలు బడిలో తెలుగు చదువుతారు. ఏ అంతర్జాతీయ ఒడంబడికా వారిని అక్కడికి చేర్చలేదు. ఎవరు ఏ తేదీకి సరిహద్దు దాటారన్న లెక్కే వారి తలరాతను నిర్ణయించింది.

శిబిరాలలో మృత్యువు కలరా రూపంలో వచ్చింది. సరిహద్దు పట్టణం బన్‌గావ్‌లో నరాల ద్వారా ఎక్కించే సెలైన్ అయిపోవస్తున్న సమయాన డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఒక సాహసం చేశారు. కలకత్తాలోని తమ పరిశోధన కేంద్రంలో ఉప్పు, సోడా, గ్లూకోజు పాళ్ళు కలిపి పొట్లాలు కట్టించి, నీళ్ళలో కలిపి తాగించమని రోగుల బంధువుల చేతికే ఇచ్చారు. ముప్ఫై శాతం దాకా ఉన్న మరణాలు ఆయన పర్యవేక్షణలో ఉన్నవారిలో 3.6 శాతానికి పడిపోయాయి. నేడు ప్రతి మందుల దుకాణంలో దొరికే ఓఆర్ఎస్ పొట్లం విలువ ప్రపంచానికి రుజువైనది ఆ శిబిరంలోనే. 2022లో మరణించిన మహలనబిస్‌కు మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. యుద్ధ బాధితులను కాపాడే ఒప్పందాలు చేయలేని పనిని బన్‌గావ్‌లో ఉప్పు, చక్కెర నీళ్ళు చేశాయి.

రాధాబినోద్ పాల్ లేవనెత్తిన ప్రశ్న

యుద్ధ నేరాలకు శిక్ష వేసే అధికారం ఎవరికి ఉండాలన్న ప్రశ్నను 1971కి పాతికేళ్ళ ముందే కలకత్తాకు చెందిన ఒక న్యాయమూర్తి ప్రపంచం ముందుంచారు. ఆయన రాధాబినోద్ పాల్. నేటి బంగ్లాదేశ్‌లోని కుష్టియా ప్రాంతంలో 1886లో పేద ఇంట పుట్టి, కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా, కలకత్తా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. 1946లో టోక్యోలో జపాన్ నాయకులను విచారించడానికి ఏర్పడిన అంతర్జాతీయ సైనిక న్యాయస్థానంలో 11 మంది న్యాయమూర్తులలో ఆయన ఒకరు. 1948లో వచ్చిన తీర్పులో 25 మంది నిందితులూ దోషులని న్యాయస్థానం నిర్ణయించింది. ఏడుగురిని ఉరి తీశారు. అభియోగాలు ఎదుర్కొన్న వారందరూ నిర్దోషులేనని వేయికి పైగా పేజీలలో భిన్న తీర్పు రాసినది పాల్ ఒక్కరే.

ఆయన వాదన సారాంశం ఇది. దురాక్రమణ యుద్ధం అప్పటికి ఉన్న అంతర్జాతీయ చట్టంలో నేరం కాదు. యుద్ధం అయిపోయాక గెలిచినవారు కొత్త నేరాన్ని సృష్టించి, ఓడినవారిని దాని కింద విచారించి, తామే న్యాయమూర్తులుగా కూర్చుంటే అది చట్టం కాదు, ప్రతీకారానికి తొడిగిన న్యాయవాది గౌను. హిరోషిమా, నాగసాకిలపై అణు బాంబులు వేసినవారిని బోనులో నిలబెట్టని న్యాయస్థానం మానవత్వం పేరిట తీర్పులు చెప్పడంలోని వైరుధ్యాన్ని కూడా ఆయన ఎత్తి చూపారు. ఆసియా వలసలను ఏలుతున్న దేశాలే దురాక్రమణను తప్పు పట్టడం వలస దేశం నుండి వచ్చిన న్యాయమూర్తికి మింగుడుపడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పాల్ తీర్పును జపాన్ జాతీయవాదులు తమకు అనుకూలంగా మార్చుకున్నారు. యుద్ధ నేరస్తులను సైతం పూజించే యాసుకుని ఆలయ ప్రాంగణంలో 2005లో ఆయన స్మారకం వెలిసింది. 2007లో కోల్‌కతా వచ్చిన ప్రధాని షింజో అబే ఆయన కుమారుడిని కలుసుకున్నారు. నాన్‌జింగ్‌లో జపాన్ సైన్యం చేసిన అకృత్యాలకు తిరుగులేని సాక్ష్యం ఉందని అదే తీర్పులో పాల్ రాసిన సంగతిని ఈ భక్తులు ఉద్దేశపూర్వకంగా మరుగుపరుస్తారు. అకృత్యాలు జరగలేదని ఆయన అనలేదు. వాటిని ఆదేశించినది ఈ నాయకులేనని రుజువు కాలేదని, ఈ న్యాయస్థానానికి నిష్పాక్షికత లేదని అన్నారు.

పాల్‌లోని బలహీనతా అక్కడే ఉంది. గెలిచినవాడి న్యాయం న్యాయం కాదని ఆయన సరిగ్గానే చెప్పారు. ఆ న్యాయాన్ని కొట్టివేశాక నాన్‌జింగ్ బాధితురాలు ఏ తలుపు తట్టాలో మాత్రం చెప్పలేదు. ఆయన 1967 జనవరిలో మరణించారు. మరో నాలుగేళ్ళు బతికి ఉంటే అదే ప్రశ్న తన సొంత ఊరి వైపు నుండి, తన మాతృభాషలో, తన నగరపు వీధులలోకి నడిచి రావడాన్ని చూసి ఉండేవారు.

వాఘా దాకా సాగిన బేరం

టోక్యోలో గెలిచినవారు ఓడినవారిని విచారించారు. 1971 యుద్ధంలో గెలిచినవారు అలా చేయలేదు. ఓడినవారితో బేరమాడారు.

మూడవ జెనీవా ఒడంబడిక 118వ అధికరణ ప్రకారం యుద్ధం ఆగిన వెంటనే ఆలస్యం లేకుండా ఖైదీలను విడుదల చేయాలి. భారత్ అలా చేయలేదు. లొంగిపోయినది సంయుక్త బలగాలకు గనక బంగ్లాదేశ్ సమ్మతి లేకుండా వదలలేమని వాదించింది. వాదనలో కొంత న్యాయం ఉంది. అంతకంటే ఎక్కువ రాజకీయం ఉంది. కాశ్మీర్‌పై, బంగ్లాదేశ్‌కు గుర్తింపుపై పాకిస్తాన్‌ను ఒప్పించడానికి ఢిల్లీ చేతిలో ఉన్న పెద్ద పావు ఈ 93 వేల మందే. 1972 జులైలో సిమ్లా ఒప్పందం జరిగినా వారి సమస్య తేలలేదు.

భుట్టో చేతిలోనూ పావులున్నాయి. పశ్చిమ పాకిస్తాన్‌లో చిక్కుకుపోయిన బెంగాలీ ఉద్యోగులు, సైనికులు, వారి కుటుంబాలు. యుద్ధ ఖైదీలలో 195 మందిని నరమేధం తదితర నేరాలకు విచారిస్తామని 1973 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ ప్రకటించింది. అలాగైతే తమ వద్దనున్న బెంగాలీలను తామూ విచారిస్తామని భుట్టో బెదిరించారు. అదే ఏడాది మే నెలలో పాకిస్తాన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. అందుకు ఆధారంగా చూపినది 1948 నాటి నరమేధ నిషేధ ఒడంబడికనే! ఆ ఒడంబడిక ప్రకారం నేరం జరిగిన భూభాగపు దేశానికే విచారించే హక్కు ఉందని, నేరం జరిగిందని చెబుతున్న నాటికి ఆ భూభాగం తమదే గనక హక్కు తమదేనని ఆ దేశం వాదించింది. నరమేధం నుండి ప్రజలను కాపాడడానికి రాసిన ఒప్పందాన్ని నరమేధ అభియోగం నుండి సైనికాధికారులను కాపాడడానికి వాడుకోవడం అది. భారత్ ఆ న్యాయస్థానం పరిధిని అంగీకరించలేదు. సంప్రదింపులు కొలిక్కి రావడంతో డిసెంబర్‌లో పాకిస్తాన్ దావాను ఉపసంహరించుకుంది.

1973 ఆగస్టు 28న ఢిల్లీలో కుదిరిన ఒప్పందంతో ఖైదీల తరలింపు మొదలయింది. మిగిలిన 195 మంది గురించి 1974 ఏప్రిల్ 9న మూడు దేశాల మంత్రులు ఢిల్లీలోనే సంతకాలు చేశారు. భారత్ తరఫున స్వరణ్ సింగ్, బంగ్లాదేశ్ తరఫున కమల్ హుస్సేన్, పాకిస్తాన్ తరఫున అజీజ్ అహ్మద్. నేరాలేవైనా జరిగి ఉంటే వాటిని ఖండిస్తున్నట్లు, విచారిస్తున్నట్లు పాకిస్తాన్ చెప్పింది. ఇక్కడ విచారించడం అంటే చింతించడం. కోర్టులో జరిగే విచారణ కాదు. బంగ్లాదేశ్ క్షమాభిక్షగా ఆ 195 మందిపై విచారణను వదులుకుంది. ఏప్రిల్ 30న నియాజీ వాఘా దాటారు.

బంగ్లాదేశ్‌ను తప్పు పట్టడం తేలిక. కానీ ఆ రోజున ఆ దేశానికి పాకిస్తాన్‌లో చిక్కుకున్న తన మనుషులు కావాలి. ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం కావాలి. 1972లో చైనా వీటోతో అది ఆగిపోయింది. 1974 సెప్టెంబర్‌లో గానీ దక్కలేదు. భారత్‌కు సిమ్లాలో మొదలైన సయోధ్య కావాలి. పాకిస్తాన్‌కు తన సైన్యం పరువు కావాలి. మూడు ప్రభుత్వాలకూ కావలసినవి దొరికాయి. చెరబడిన స్త్రీలను వీరనారులు అన్న అర్థంలో ‘బీరాంగన’లని 1971 డిసెంబర్‌లోనే బంగ్లాదేశ్ ప్రభుత్వం గౌరవించింది. ఆ గౌరవం పొందిన స్త్రీలను ఒప్పందానికి ముందు ఎవరూ సంప్రదించలేదు. పాకిస్తాన్ సొంతంగా నియమించుకున్న హమూదుర్ రహ్మాన్ కమిషన్ సైతం బాధ్యులైన సైనికాధికారులను విచారించాలని సిఫారసు చేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు తొక్కిపట్టారు. 195 మందిలో ఒక్కరు కూడా ఈ నేరాలకు ఏ కోర్టులోనూ నిలబడలేదు.

బేరంలో భారత్ తన వాళ్ళను కూడా మరచిపోయింది. 1971 యుద్ధంలో అదృశ్యమైన 54 మంది భారత సైనికులు పాకిస్తాన్ జైళ్ళలో ఉన్నారని భారత ప్రభుత్వం పార్లమెంటులో అనేకసార్లు చెప్పింది. పాకిస్తాన్ కాదంటుంది. 93 వేల మందిని అప్పగించిన దేశం 54 మంది ఆచూకీని రాబట్టుకోలేకపోయింది. ఆ కుటుంబాలలో ఎదురుచూసిన భార్యలు ముసలివారై కన్నుమూశారు.

మూడో చోటు ఏది?

గెలిచినవాడి తీర్పుకూ గెలిచినవాడి బేరానికీ తేడా పైకి కనిపించేంత పెద్దది కాదు. తీర్పులో ఓడినవాడి తల పోతుంది. బేరంలో ఓడినవాడి తల మిగులుతుంది. రెండింటిలోనూ బాధితుడికి మాట్లాడే వంతు రాదు. ప్రభుత్వాలకు సంబంధం లేని మూడో చోటు ఒకటి ఉంటే తప్ప ఈ వంతు రాదు.

అటువంటి చోటును నిర్మించే ప్రయత్నం 1998లో రోమ్‌లో జరిగింది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు శాసనంపై ఓటింగులో భారత్ పాల్గొనక తటస్థంగా ఉండిపోయింది. అమెరికా, చైనా వ్యతిరేకంగా ఓటు వేశాయి. పెద్ద దేశాలను తాకలేని కోర్టు చిన్న దేశాలకే పరిమితమవుతుందన్న విమర్శలో నిజం ఉంది. పాల్ టోక్యోలో చెప్పినదీ అదే. అయితే భారత్ చేరకపోవడానికి కారణం ఆ ఒక్క విమర్శే అని నమ్మడం కష్టం. అంతర్యుద్ధాలలో పౌరులకు రక్షణ పెంచుతూ 1977లో వచ్చిన జెనీవా అదనపు ప్రోటోకాల్‌లోనూ భారత్ చేరలేదు. దేశం లోపల జరిగేవి శాంతిభద్రతల సమస్యలే గానీ సాయుధ ఘర్షణలు కావన్నది ఢిల్లీ వైఖరి. ఢాకాలో జరిగినది తమ ఆంతరంగిక వ్యవహారమని 1971లో యాహ్యా ఖాన్ ప్రభుత్వం ప్రపంచానికి చెప్పింది. ఆ మాటను ఆనాడు గట్టిగా ఖండించిన దేశం భారత్.

1960లో భారత పార్లమెంటు జెనీవా ఒడంబడికల చట్టం చేసింది. ఒడంబడికల తీవ్ర ఉల్లంఘనలకు మరణశిక్ష దాకా విధించవచ్చని అందులో ఉంది. దాని కింద నేరాన్ని కోర్టు స్వీకరించాలంటే కేంద్ర ప్రభుత్వమో, అది నియమించిన అధికారో ఫిర్యాదు చేయాలి. బాధితుడు నేరుగా తలుపు తట్టలేడు. ఆ చట్టం తనంత తానుగా ఎవరికీ కోర్టులో అమలు చేయించుకోగల హక్కును ఇవ్వదని 1969లో గోవాకు చెందిన ఒక ఫాదర్ కేసులో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది.

బంగ్లాదేశ్ మరో దారి పట్టింది. 195 మందిని విచారించడానికి 1973లో చేసుకున్న అంతర్జాతీయ నేరాల చట్టాన్ని 2010లో బయటకు తీసి, పాకిస్తాన్ సైన్యానికి తోడ్పడిన స్థానికులను దాని కింద విచారించింది. కొందరిని ఉరి తీసింది. ఆ విచారణల నిష్పాక్షికతపై అంతర్జాతీయంగా తీవ్ర విమర్శలు వచ్చాయి. ఆ కోర్టును ఏర్పాటు చేసిన షేక్ హసీనా 2024 ఆగస్టులో గద్దె దిగి భారత్‌కు పారిపోయి వచ్చారు. 2025 నవంబర్‌లో అదే కోర్టు ఆమె పరోక్షంలో ఆమెకే మరణశిక్ష విధించింది. విద్యార్థి ఉద్యమంపై జరిగిన హింసకు ఆమె బాధ్యత చిన్నది కాకపోవచ్చు. కానీ నిన్నటి విజేత కట్టిన బోనులో నేటి విజేత నిన్నటివారిని నిలబెట్టే ఈ దృశ్యాన్ని పాల్ చూసి ఉంటే ఆశ్చర్యపడేవారు కారు.

ఢాకాలోని మొహమ్మద్‌పూర్‌లో ఒక మురికివాడ ఉంది. దాని పేరు జెనీవా క్యాంప్. దేశ విభజన కాలంలో బీహార్ వైపు నుండి తూర్పు పాకిస్తాన్‌కు వలస వెళ్ళిన ఉర్దూ మాట్లాడే ముస్లింల వారసులు అక్కడ ఉంటారు. 1971లో వారిలో చాలామంది పాకిస్తాన్ పక్షం వహించారు. కొందరు హత్యలలో పాల్గొన్నారు కూడా. ఓటమి తర్వాత పగ వారందరిపైనా విరుచుకుపడింది. జాతిపరమైన అల్పసంఖ్యాకులకు రక్షణ అన్న లొంగుబాటు పత్రంలోని వాక్యం ప్రధానంగా వారి కోసమే. భారత సైన్యం కొద్ది వారాలు వారికి కాపలా కాసి, 1972 మార్చి నాటికి వెళ్ళిపోయింది. రెడ్ క్రాస్ వారికి తాత్కాలికంగా గుడారాలు వేసింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం జెనీవాలో ఉండడం వల్లే శిబిరానికి ఆ పేరు వచ్చింది. ఖైదీలను వెనక్కి తీసుకున్న పాకిస్తాన్ వీరిలో కొందరినే తీసుకుంది. మిగిలినవారికి 2008లో గానీ హైకోర్టు తీర్పుతో బంగ్లాదేశ్ పౌరసత్వం ఖాయం కాలేదు. గుడారాల స్థానంలో ఇరుకు గదులు వచ్చాయి. ఒక్కొక్క గదిలో మూడు తరాలు పెరిగాయి.

హుగ్లీ ఒడ్డున విజయం పేరు పెట్టుకున్న కోట. బూరిగంగ ఒడ్డున ఉన్న ఢాకాలో జెనీవా పేరు మోస్తున్న మురికివాడ. ఒకే పత్రంలోని రెండు మాటలకు యాభై ఏళ్ళ తర్వాత మిగిలిన చిరునామాలు ఇవి. ఆ పత్రం ఆయుధాలున్న చేతులను కాపాడగలిగింది. అది మంచిదే, అది కూడా లేకపోతే మరింత నెత్తురు పారేది. ఆయుధం లేనివారికి ఇచ్చిన మాట నిలబడాలంటే మాత్రం ఆ మాట ఇచ్చిన ప్రభుత్వాన్ని నిలదీసే చోటు ఒకటి కావాలి. వచ్చే డిసెంబర్ 16న పుష్పగుచ్ఛాలు ఉంచే చేతులు ఆ చోటు కోసం కూడా ఒక సంతకం పెడితే నాటి విజయానికి అంతకు మించిన గౌరవం ఉండదు.